చూపు ఆనినంత మేరకేనా?

డ్రోన్ ఎగరేసేవాళ్లకు దాదాపు ప్రతి దేశమూ మొదట చెప్పిన మాట ఒకటే: అది నీ కంటికి ఆనుతూ ఉండాలి. బైనాక్యులర్స్‌తో చూస్తే చెల్లదు, రిమోట్ స్క్రీన్ మీద కెమెరా బొమ్మ చూస్తే చెల్లదు, కళ్లద్దాలు వాడేవాళ్లకు ఆ అద్దాల వరకే మినహాయింపు. అమెరికాలో 2016 ఆగస్టు 29న అమల్లోకి వచ్చిన పార్ట్ 107 నిబంధనలు చెప్పింది ఇదే. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2018 డిసెంబరు 1 నుంచి అమలుచేసిన తొలి నిబంధనలూ కంటిచూపు మేరలోనే ఎగరేయమన్నాయి. వినడానికి ఇంతకన్నా సబబైన నియమం ఉండదనిపిస్తుంది. చిక్కల్లా, డ్రోన్ నిజంగా అక్కరకొచ్చే పనుల్లో చాలావరకు చూపు ఆగిపోయిన చోటే మొదలవుతాయి. కొండ అవతలి ఆరోగ్య కేంద్రానికి రక్తం చేర్చాలన్నా, వందల కిలోమీటర్ల పైపులైను వెంట చమురు ఎక్కడ కారుతోందో పట్టుకోవాలన్నా, వరదలో చిక్కిన లంక గ్రామం ఎలా ఉందో తెలుసుకోవాలన్నా పైలట్ ఒకచోట, డ్రోన్ ఇంకోచోట ఉండక తప్పదు. ఈ రంగంలోని వాళ్లు దీన్ని బీవీలాస్ అంటారు. మనం కంటిచూపు దాటిన ప్రయాణం అనుకుందాం. దాన్ని ఎవరికి, ఎక్కడ, ఏ షరతు మీద ఒప్పుకోవాలన్న ప్రశ్న పదేళ్లుగా నలుగుతోంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. కన్ను చేస్తుందని మనం అనుకుంటున్న పనులేమిటో విడదీసి, ఒక్కో పనికి ఒక్కో రుజువు అడిగే చట్టం కావాలి. అడిగినవాడికల్లా విడిగా మినహాయింపు ఇచ్చుకుంటూ పోయే పద్ధతి పనినీ సాగనివ్వదు, భద్రతనూ పెంచదు. అయితే ఆ చట్టం వచ్చాక కూడా ఆకాశంలో పక్కకు తప్పుకోవలసిన బాధ్యత కొత్తగా వచ్చిన డ్రోన్‌దే.

ముందు కన్ను సంగతి చూద్దాం. పెళ్లి వీడియోల్లో మనకు అలవాటైన డ్రోన్లలో ఒకటైన డీజేఐ ఫాంటమ్ 4 మూల నుంచి మూలకు 35 సెంటీమీటర్లు ఉంటుంది. లెక్క వేస్తే, అది 100 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు చేయి చాచి వేళ్ల మధ్య పట్టుకున్న ఆవగింజంత కనిపిస్తుంది. 200 మీటర్లకు గసగసాల గింజంత. అర కిలోమీటరుకు ఆ గింజలో సగం కూడా ఉండదు. మామూలు చూపున్న మనిషికి సుమారు 1,200 మీటర్ల దగ్గర అది పూర్తిగా కరిగిపోవాలి. ఎండ ఎదురు కొట్టినా, వెనక మబ్బు ఉన్నా అంతకు చాలా ముందే పోతుంది. పైగా చుక్క కనిపించినంత మాత్రాన అది మనవైపు తిరిగి ఉందో, అటువైపు తిరిగి ఉందో తెలియదు. దానికీ, దాని వెనక వస్తున్న హెలికాప్టర్‌కూ మధ్య ఎంత దూరం ఉందో చెప్పడం ఇంకా కష్టం, ఎందుకంటే ఆకాశంలో పోల్చి చూసుకోవడానికి చెట్టూ గుట్టా ఉండవు. కాబట్టి కంటిచూపు నియమం కాగితం మీద ఎంత గట్టిగా ఉన్నా, అది నిజంగా కాపాడే మేర కొన్ని వందల మీటర్లే.

2017 సెప్టెంబరు 21 సాయంత్రం న్యూయార్క్‌లో జరిగింది దీనికి సరైన ఉదాహరణ. బ్రూక్లిన్‌లోని ఒక పార్కు దగ్గర నుంచి ఒకాయన సరదాగా ఫాంటమ్ 4 ఎగరేశాడు. అది దాదాపు 4 కిలోమీటర్లు పోయి, స్టాటెన్ ఐలాండ్ వైపు సుమారు 300 అడుగుల ఎత్తులో వెళుతున్న సైనిక బ్లాక్‌హాక్ హెలికాప్టర్‌కు తగిలింది. రెక్కకు అంగుళంన్నర సొట్ట పడింది. డ్రోన్ మోటారు ముక్క హెలికాప్టర్‌లోనే ఇరుక్కుంది. దాని మీది సీరియల్ నంబరు పట్టుకుని దర్యాప్తు అధికారులు వెళ్లి అడిగేదాకా ఆయనకు ఢీకొన్న సంగతే తెలియదు. వెనక్కి రమ్మని బటన్ నొక్కాడు, అది రాలేదు, బ్యాటరీ అయిపోయి నీళ్లలో పడిందనుకున్నాడు. 2025 జనవరి 9న లాస్ ఏంజెలెస్ పాలిసేడ్స్ మంటల దగ్గరా ఇదే తంతు. మంటలు చూద్దామని ఒక వ్యక్తి చిన్న డ్రోన్ పంపాడు, రెండున్నర కిలోమీటర్ల దూరంలో అది కనుమరుగైంది, నీళ్లు చల్లుతున్న విమానం రెక్కకు కన్నం పడింది. ఆ విమానం అవసరమైన రోజునే మరమ్మతుకు వెళ్లింది. ఈ రెండు సంఘటనలనూ కంటిచూపు దాటనివ్వకూడదనడానికి రుజువులుగా చూపిస్తుంటారు. నేను వాటిని తిరగేసి చదువుతాను. రెండుచోట్లా కంటిచూపు నియమం అమల్లోనే ఉంది. అది తెగినప్పుడు దాని వెనక ఇంకో అడ్డుకట్ట ఏదీ లేకపోయింది. హెలికాప్టర్ వస్తోందని డ్రోన్‌కు తెలిసే ఏర్పాటు లేదు, డ్రోన్ ఉందని హెలికాప్టర్‌కు తెలిసే ఏర్పాటు లేదు.

పైనుంచి చూసే పైలట్ కన్ను మాత్రం ఏమంత మెరుగు? ఎదుటి విమానాన్ని చూసి, గుర్తుపట్టి, దారి మళ్లించడానికి మనిషికి సుమారు 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ పైలట్లకిచ్చే సూచనల్లోనే ఉంది. గంటకు 216 కిలోమీటర్ల వేగంతో పోయే హెలికాప్టర్ ఆ లోపు 750 మీటర్లు దాటేస్తుంది. ఆవగింజంత డ్రోన్ కంటపడే 100 మీటర్ల నుంచి ఢీకొనడానికి రెండు సెకన్లు కూడా ఉండదు. చూసి తప్పుకోవడం అనే సూత్రానికి ఉన్న హద్దుల మీద ఆస్ట్రేలియా ప్రమాద దర్యాప్తు సంస్థ 1991లోనే ఒక నివేదిక తెచ్చింది. అప్పటికి ఇలాంటి డ్రోన్లు జనం చేతుల్లోకి రాలేదు. మన దేశం ఈ పాఠం నేర్చుకున్నది 1996 నవంబరు 12న, హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద. సౌదీ విమానం, కజకిస్థాన్ విమానం ఢీకొని 349 మంది పోయారు. ఆ తర్వాత పైలట్లను ఇంకా జాగ్రత్తగా చూడమని చెప్పి ఊరుకోలేదు. ఒకదాని ఉనికిని ఒకటి పసిగట్టి హెచ్చరించే పరికరాన్ని విమానాల్లో తప్పనిసరి చేశారు, వచ్చే దారినీ పోయే దారినీ వేరుచేశారు. పెద్ద విమానాల విషయంలో కంటి మీద భరోసా వదులుకుని దాదాపు మూడు దశాబ్దాలైంది. డ్రోన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మళ్లీ కన్నే దిక్కంటున్నాం.

ఇంతకీ ఆ నియమంలో కన్ను ఒప్పుకున్న పనులు మూడు. డ్రోన్ ఎక్కడుందో, ఎటు పోతోందో తెలుసుకోవడం ఒకటి. చుట్టూ ఉన్న విమానాన్నీ, కింద ఉన్న మనిషినీ తప్పించడం రెండు. ఏదైనా జరిగితే ఇదిగో ఎగరేసింది ఇతను అని పక్కనే దొరకడం మూడు. మొదటి పనిని జీపీఎస్ మన కన్నా ఎన్నో రెట్లు బాగా చేస్తుంది, సిగ్నల్‌ను ఎవరైనా చెడగొట్టనంతవరకు. మూడోదాన్ని రిజిస్ట్రేషన్ నంబరు, దారిపొడవునా తన గుర్తింపును ప్రసారం చేసే పరికరం చేయగలవు. అమెరికా 2023 సెప్టెంబరు నుంచి ఇలాంటి రిమోట్ ఐడీని తప్పనిసరి చేసింది. మిగిలిందల్లా రెండోది. వాదమంతా అక్కడే ఉంది, ఉండాల్సిందీ అక్కడే. పైలట్ లేని విమానం పరాయి దేశం మీద ప్రత్యేక అనుమతి లేకుండా ఎగరరాదని 1944 నాటి షికాగో ఒప్పందం 8వ అధికరణంలోనే రాసుకున్నారు. అంటే అనుమానం కొత్తదేమీ కాదు.

ఈ రెండో పనికి దేశాలు వెతుక్కున్న జవాబులు చూస్తే, ఎవరికి ఏది భయమో తెలిసిపోతుంది. యూరప్‌ది లెక్కల దారి. అక్కడ 2020 చివరి నుంచి అమలవుతున్న నిబంధనల్లో చిన్నపాటి ఎగరవేతలు కంటిచూపులోనే ఉండాలి. దాటాలంటే సోరా అనే ప్రమాద అంచనా చేసి చూపాలి. కింద ఎంతమంది ఉంటారు, డ్రోన్ ఎంత పెద్దది, ఎంత వేగం అన్నది ఒక లెక్క. చుట్టూ ఎలాంటి విమానాలు తిరుగుతాయన్నది రెండో లెక్క. రెండూ కలిపి వచ్చిన ప్రమాద స్థాయిని బట్టి రుజువులు పెరుగుతాయి. పద్ధతి న్యాయంగా ఉంది, కానీ ఒక చిన్న సంస్థ ఆ దస్త్రం తయారుచేసి అనుమతి తెచ్చుకునేసరికి తలప్రాణం తోకకొస్తుంది. జపాన్ మెట్లు కట్టింది: అడవి, సముద్రం మీద ముందు, జనం మీద చివర. నాలుగో మెట్టును, అంటే ఇళ్ల మీదుగా కంటిచూపు దాటి పోవడాన్ని, 2022 డిసెంబరు 5న చట్టబద్ధం చేసి, 2023 మార్చిలో టోక్యో పడమటి కొండల్లోని ఒకుతామాలో జపాన్ పోస్ట్ చేత తొలి పార్సిల్ పంపించింది. బ్రిటన్ ఇంకో తెలివైన మాట పట్టుకుంది. భవనానికి, రైలు పట్టాకి, కరెంటు లైనుకి మరీ దగ్గరగా ఏ విమానమూ ఎలాగూ రాదు కదా, అక్కడ డ్రోన్ వెళితే ఢీకొనడానికి ఎవరున్నారు? ఆ జాగాను వేరే కోవలో పెట్టి షరతులు సడలించింది. నాకు వీటన్నిటిలోకి ఇదే బాగా నచ్చింది, ఎందుకంటే ఇందులో కొత్త యంత్రం మీద గుడ్డి నమ్మకం లేదు. ఉన్న ఖాళీని గుర్తించడమే ఉంది.

రువాండాది అసలు వేరే కథ. 2016 అక్టోబరు నుంచి అక్కడ జిప్‌లైన్ సంస్థ డ్రోన్లు ఆసుపత్రులకు రక్తం చేరవేస్తున్నాయి. చిన్న విమానంలా ఉండే డ్రోన్ ఆసుపత్రి మీదకు వచ్చి, దిగకుండానే, పెట్టెను కాగితపు పారాచూట్‌తో జారవిడిచి వెనక్కి తిరుగుతుంది. 2022లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం రోడ్డు మీద పంపినప్పటితో పోలిస్తే గంటకు పైగా కలిసొచ్చింది. ఆసుపత్రుల్లో గడువు తీరి పారబోసే రక్తం 67 శాతం తగ్గింది. ఈ రెండో అంకె నాకు మొదటిదానికన్నా ముఖ్యం. అడిగిన వెంటనే వస్తుందన్న నమ్మకం కుదిరాక ఆసుపత్రి ముందుజాగ్రత్తకని నిల్వ పెట్టుకోదు, పెట్టుకోనిది పాడవదు. ఒకసారి చేసి చూపించే ప్రదర్శనతో ఇది రాదు. రోజూ, వానలోనూ ఎండలోనూ జరిగితేనే వస్తుంది. మినహాయింపుల పద్ధతిని నేను ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

మన దేశం దగ్గరికి వద్దాం. 2014 అక్టోబరులో డీజీసీఏ ఒక నోటీసుతో పౌర డ్రోన్లను మొత్తంగా ఆపేసింది. 2018లో తలుపు కొద్దిగా తెరిచింది. 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నిబంధనలతో బార్లా తెరిచింది: దరఖాస్తు ఫారాలు 25 నుంచి 5కు, రుసుముల రకాలు 72 నుంచి 4కు తగ్గాయి. ఆ తర్వాత దేశం మొత్తానికి రంగుల పటం వచ్చింది. పచ్చ ప్రాంతంలో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు, విమానాశ్రయం ప్రహరీ నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే, 5 కిలోమీటర్ల లోపల ఎరుపు. ఇదంతా మెచ్చుకోవలసిందే. కానీ కంటిచూపు దాటిన ప్రయాణానికి మాత్రం నిత్య వ్యవహారంగా దారి వేయలేదు. 2019లో ప్రయోగాల కోసం ఆసక్తి ఉన్నవాళ్లను పిలిచి, బృందాలను ఎంపిక చేసి, వాటికి షరతులతో మినహాయింపులు ఇచ్చారు. 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో మొదలైన ‘మెడిసిన్ ఫ్రమ్ ద స్కై’ అలాంటి మినహాయింపు మీదే నడిచింది. అక్కడి ఏరియా ఆసుపత్రి చుట్టూ ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు టీకాలు, మందులు పంపి చూశారు. నెల తిరగకుండానే, అక్టోబరు 4న, మణిపూర్‌లో బిష్ణుపూర్ నుంచి లోక్‌తాక్ సరస్సు మధ్యలోని కరాంగ్ ద్వీపానికి కోవిడ్ టీకాలు వెళ్లాయి. నేల మీద 26 కిలోమీటర్ల దారిని ఆకాశంలో 15 కిలోమీటర్లుగా, పావుగంటలో దాటాయి. 2024 అక్టోబరులో బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్ సహా 11 పెద్ద ఆసుపత్రుల్లో డ్రోన్ సేవలకు ప్రధాని ప్రారంభోత్సవం చేశారు. ప్రారంభోత్సవాలకు మనకు కొదవ లేదు. కొదవల్లా, ఫలానా పని ఫలానా రుజువు చూపిస్తే నువ్వూ చేయవచ్చు అని చిన్న సంస్థకు కూడా తెలిసేలా రాసిన నియమానికే.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. డ్రోన్ అనగానే మన ఊళ్లలో గుర్తుకొచ్చేది పొలంలో మందు కొట్టే డ్రోన్. స్వయం సహాయక సంఘాల మహిళలకు 15,000 డ్రోన్లు ఇవ్వాలన్న నమో డ్రోన్ దీదీ పథకం కూడా దాని గురించే. ఆ డ్రోన్ పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తులో, గట్టు మీద నిలబడిన మనిషి కళ్లెదుటే తిరుగుతుంది. దానికి ఈ గొడవేదీ అక్కర్లేదు. కంటిచూపు నియమం సడలిస్తే వ్యవసాయం బాగుపడుతుందని చెప్పేవాళ్లు ఒకదాని పేరు చెప్పి ఇంకొకటి అమ్ముతున్నారు.

అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది పైలట్లది. అమెరికా 2025 ఆగస్టులో ప్రతిపాదించిన పార్ట్ 108 ముసాయిదాలో, విమానాశ్రయాలకూ రద్దీ గగనతలానికీ దూరంగా, తన ఉనికిని ప్రసారం చేసుకోని విమానం ఎదురైతే డ్రోన్‌కే దారి హక్కు అని ఉంది. చిన్న విమానాల వాళ్లు, పొలాలపై మందు చల్లే పైలట్లు దీనిమీద భగ్గుమన్నారు. వాళ్ల పక్షమే న్యాయం. ఎదుటివాడికి కనిపించనిది డ్రోన్. లోపల ప్రాణమున్నది విమానంలో. ఆవగింజ లెక్క తెలిశాక, తప్పుకునే బాధ్యత విమానం మీద పెట్టడమంటే చేయలేని పని అప్పగించడమే. తక్కువ ఖర్చుతో దొరికే ప్రసార పరికరాన్ని అందరికీ తప్పనిసరి చేయమంటే అది వేరే చర్చ, చేయవచ్చు కూడా. కానీ అది జరిగేదాకా సిగ్నల్ ఇవ్వని విమానాన్ని కూడా పసిగట్టి తప్పుకోగలనని డ్రోన్ రుజువు చేసుకోవాలి, లేదా విమానాలు రాని జాగాకే పరిమితం కావాలి. మన దగ్గర ఎన్నికలప్పుడు నాయకుల హెలికాప్టర్లు ఎక్కడ పడితే అక్కడ దిగుతాయి, సంక్రాంతికి హైదరాబాద్ ఆకాశమంతా గాలిపటాలే. గాలిపటం ఏ సిగ్నలూ ఇవ్వదు.

పటాలనూ ఎంతవరకు నమ్మాలో 2025 అక్టోబరు 1న అరిజోనాలోని టోలెసన్‌లో తేలింది. అమెజాన్ పార్సిల్ డ్రోన్లు రెండు, ఒకదాని వెనక ఒకటి, ఒకే క్రేన్‌ను ఢీకొని పడ్డాయి. భవనం పటంలో ఉంటుంది. నాలుగు రోజుల కోసం తెచ్చి నిలబెట్టిన క్రేన్ ఉండదు. హైటెక్ సిటీ చుట్టుపక్కల క్రేన్లు లెక్కపెట్టినవాళ్లకు ఈ ప్రమాదం ఎంత దగ్గరిదో వేరే చెప్పక్కర్లేదు. మొదటిది పడ్డాక రెండోదాన్ని ఎందుకు ఆపలేకపోయారన్నదే అసలు ప్రశ్న. నిబంధన రాసేవాళ్లు తమ ముందు పెట్టుకోవలసింది దాన్నే. కింద ఉన్న మనిషి సంగతి అంతకన్నా పెద్దది. 2 కిలోల వస్తువు 120 మీటర్ల నుంచి పడితే, గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, సుమారు 2,350 జౌళ్ల శక్తితో తగులుతుంది. మనుషుల మీదుగా ఎగిరే డ్రోన్లకు అమెరికా పెట్టిన గాయం హద్దు, ఉదారంగా ఉన్న కోవలోనే, సుమారు 34 జౌళ్లు. కాబట్టి మన ఊళ్ల మీద, సంతల మీద పారాచూట్ లేని డ్రోన్‌కు చోటే లేదు. ఇంటికి పిజ్జా తెచ్చే డ్రోన్ ఈ వరుసలో అందరికన్నా వెనక నిలబడాలి.

భద్రత మాట కూడా వస్తుంది. 2021 జూన్ 27న జమ్మూలోని వాయుసేన కేంద్రం మీద డ్రోన్లతో పేలుడు పదార్థాలు వేశారు. రెండు నెలలు తిరగకముందే ప్రభుత్వం నిబంధనలు సడలించడం చాలామందికి వింతగా తోచింది. నాకు తోచలేదు. పేలుడు పదార్థం మోసేవాడు డీజీసీఏకు దరఖాస్తు పెట్టుకోడు. నమోదై, గుర్తింపు ప్రసారం చేస్తూ, ముందే చెప్పిన దారిలో పోయే డ్రోన్లు ఎక్కువైన కొద్దీ, అవేవీ లేని డ్రోన్ వేరుగా కనిపిస్తుంది. డ్రోన్ల ట్రాఫిక్ నిర్వహణ వ్యవస్థకు 2021 అక్టోబరులోనే కేంద్రం విధాన పత్రం ప్రకటించింది. అది క్షేత్రంలో ఊపందుకుంటే ఈ వాదానికి బలం వస్తుంది, లేదంటే ఇది కాగితం మీది మాటగానే మిగులుతుంది. పోతే మేడ మీద ఆరబోసుకునే బట్టలనూ మనుషులనూ కెమెరా చూస్తుందన్న ఫిర్యాదు నిజమే, కానీ అది కంటిచూపు దాటినందువల్ల వచ్చింది కాదు. పక్కింటి మేడ మీద నిలబడి ఎగరేసేవాడే ఎక్కువ చూస్తాడు.

రువాండా ఆకాశం ఖాళీ, మనది కాదు అన్నది చివరి అభ్యంతరం. ఢిల్లీ చుట్టుపక్కల అది నిజం. తాండూరు నుంచి వికారాబాద్ దాకా, పాడేరు కొండల మీద, ఏలూరు లంకల మీద 400 అడుగుల లోపు అంత రద్దీ ఏముంది? అందుకే మొదట పైపులైన్లు, రైలు పట్టాలు, కరెంటు లైన్ల వెంట. ఆ తర్వాత ఏజెన్సీ, లంక గ్రామాల ఆసుపత్రి దారులు. నగరాలు అన్నిటికన్నా చివర. ఒక్కో మెట్టు దాటడానికి ముందు కింది మెట్టులో ఎన్ని గంటలు ఎగిరారు, ఎన్నిసార్లు సిగ్నల్ తెగింది, తెగినప్పుడు డ్రోన్ ఏం చేసింది, ఎన్ని కూలాయి అన్న లెక్కలు జనం ముందు పెట్టాలి. 2021 నిబంధనల్లోనే మూడో వ్యక్తికి జరిగే నష్టానికి బీమా, పరిహారం మోటారు వాహనాల చట్టం ప్రకారమే ఉంటుందని రాసుకున్నాం. లారీ గుద్దిన కేసులో ఎవరి తప్పో తేల్చడానికి మనకు దశాబ్దాల అనుభవం ఉంది. సిగ్నల్ తెగిన డ్రోన్ కేసులో తప్పు పైలట్‌దా, సాఫ్ట్‌వేర్‌దా, టెలికాం సంస్థదా తేల్చడానికి ఆ లెక్కలు తప్ప వేరే ఆధారం ఉండదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు పడవలు పోలేని సందుల్లోకి డ్రోన్లు ఆహారం పొట్లాలు, మందులు చేర్చాయి. అదే వరదలో హెలికాప్టర్లూ పైనుంచి పొట్లాలు జారవిడిచాయి. అలాంటి రోజున ఏది ఏ ఎత్తులో ఉండాలి, హెలికాప్టర్ వస్తున్నప్పుడు డ్రోన్లన్నిటినీ దించమని ఎవరు చెప్పాలి, చెప్పినా సిగ్నల్ అందని డ్రోన్ ఏం చేయాలి? కంటిచూపు దాటిన ప్రయాణం గురించి పూర్తి చట్టం ఎప్పుడు వచ్చినా, వచ్చే వానాకాలం లోపు డీజీసీఏ, రాష్ట్రాల విపత్తు నిర్వహణ సంస్థలు కూర్చుని ఈ మూడు ప్రశ్నలకు జవాబులు రెండు పేజీల్లో రాసి, నదుల పక్కనున్న ప్రతి జిల్లా కలెక్టర్ చేతిలో పెట్టాలి.